కాన్పు గది దాకా వచ్చిన డబ్బు

సర్కారు వైద్యానికి ఎక్కువ ఖర్చు పెడితే జనం ఆరోగ్యం ఆ మేరకు బాగుపడుతుందా? 1999లో ఆర్థికవేత్తలు డీన్ ఫిల్మర్, లాంట్ ప్రిచెట్ ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు మింగుడుపడేది కాదు. దేశానికీ దేశానికీ మధ్య శిశుమరణాల్లో ఉన్న తేడా చాలావరకు ఆదాయం, దాని పంపిణీ, ఆడవాళ్ల చదువు వంటి వాటితోనే తేలిపోతోందనీ, ప్రభుత్వ వైద్య ఖర్చు ప్రభావం చాలా స్వల్పమనీ వాళ్లు లెక్కగట్టారు. తెలంగాణ అంకెల ముందు పెట్టి చూస్తే ఈ మాట సగమే నిలుస్తుంది.

నిలవని సగం కాన్పులది. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైంది. సర్కారు దవాఖానలో ప్రసవిస్తే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 2015–16లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగిన కాన్పులు 30.5 శాతం, 2019–20 నాటికి 49.7 శాతం. లక్ష జననాలకు తల్లుల మరణాలు 2014–16లో 81 ఉంటే 2018–20లో 43కు దిగాయి. ఆ ఘనతంతా కిట్ ఖాతాలో వేయలేం, ఎందుకంటే ఉమ్మడి రాష్ట్రంలో 2011–13లో ఉన్న 92 నుంచే తగ్గుదల కనిపిస్తోంది. అయినా ఖర్చు ఫలానా మంచం దాకా, ఫలానా తల్లి దాకా చేరినప్పుడు ఫలితం కనబడిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నిలిచే సగం రక్తంలో ఉంది. అవే రెండు సర్వేల మధ్య రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 నుంచి 70 శాతానికి పెరిగారు, మహిళలు 56.6 నుంచి 57.6కు. ఎదుగుదల లోపించిన పిల్లలు 28 నుంచి 33.1 శాతమయ్యారు. వేలికొస రక్తంతో కొలిచే పద్ధతి మీద విమర్శలున్న మాట నిజమే. కానీ రెండుసార్లూ కొలిచింది అలాగే.

రక్తహీనత తిండితో ముడిపడింది కాబట్టి ఇక్కడే రాష్ట్రంలోని జహీరాబాద్ అనుభవం పనికొస్తుంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. అదే ఏడాది ఈ ప్రాంతంలో పి.వి. సతీశ్, ఆయన మిత్రులు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళితులు. బియ్యం చౌకగా దొరుకుతుంటే వానాధార చెలకల్లో జొన్న వేయడమెందుకని భూములు పడావు పడ్డాయన్నది సంఘాల వాదన. 1990ల మధ్యలో వాళ్లు ఆ భూములకే అప్పిచ్చారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి సొమ్ము అందుకున్న రైతు బాకీని జొన్నల రూపంలో తీర్చాలి. ఆ గింజల్ని ఊళ్లోనే నిల్వచేసి, పేదలెవరో ఊరివాళ్లే తేల్చి, వాళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఆరోగ్య బడ్జెట్ పద్దుల్లో ఇలాంటి ఖర్చుకు చోటే లేదు.

అలాగని జొన్నను దేవతను చేయనక్కర్లేదు. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే హైదరాబాద్ పరిశోధనశాల శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో పెల్లాగ్రా జబ్బుకూ జొన్న మీదే బతికే తిండికీ సంబంధం ఉందని చూపారు. జహీరాబాద్ చేలలో బలమంతా కలిపి వేయడంలో ఉంది: జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, అనుములు, మరోచోట కలుపని పీకిపారేసే గట్టు మీది గునుగాకు కూడా ఇక్కడ కూరకుండలోకే.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ చికిత్స పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. ఆపరేషన్ అవసరమైనవాళ్లకు అది కొండంత అండ. 2025 ఉగాదికి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వచ్చింది. రక్తహీనతకు అది మందు కాదు. పొరుగున కర్ణాటక రేషన్‌లో జొన్న, రాగి ఇస్తోంది. అందుకు కొత్త చట్టమేమీ అవసరం లేదు: 2013 నాటి ఆహార భద్రత చట్టంలోనే బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, జొన్న వంటి ముతక ధాన్యాలు కిలో ఒక్క రూపాయి అని అప్పుడే రాశారు.