కోసల రాజు భోజనం, నేటి మనోచికిత్స

కోసల రాజు పసేనది పూటకు ఒక దోణ కొలత బియ్యపు అన్నం తినేవాడని సంయుత్త నికాయం చెబుతుంది. ఒకనాడు సావత్థిలో భుక్తాయాసంతో రొప్పుతూ బుద్ధ భగవానుని దర్శనానికి వచ్చాడు. భగవానుడు ఆయనను మందలించలేదు. ఎఱుకతో, మితం తెలిసి తినేవానికి బాధలు తగ్గుతాయనే భావంతో ఒక గాథ మాత్రం చెప్పాడు. రాజు తన వెనుక నిలిచిన సుదస్సనుడనే యువకుణ్ణి ఆ గాథ నేర్చుకొని, తాను భోజనం చేసేటప్పుడల్లా వినిపించమని కోరాడు. అందుకు రోజుకు నూరు కహాపణాలు ఇస్తానన్నాడు. క్రమంగా ఆయన ఆహారం ఒక నాళి కొలతకు తగ్గింది, దేహం తేలికపడింది.

ఈ చిన్న కథలో ఒక పద్ధతి ఉంది. అలవాటు తలెత్తే క్షణంలోనే దాన్ని గుర్తుచేసే ఏర్పాటు, ఒక్కసారిగా కాక మెట్టుమెట్టుగా తగ్గింపు, తోడుగా నిలిచే ఒక మనిషి. నేటి ప్రవర్తనా చికిత్సకులు అలవాట్లను మార్చడానికి ఉపయోగించే సాధనాలు ఇవే.

ఆలోచనల విషయంలోనూ ఇటువంటి పద్ధతే కనిపిస్తుంది. మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తం చెడు తలపులను ఎదుర్కొనే ఐదు ఉపాయాలను వరుసగా చెబుతుంది. వడ్రంగి సన్నని మేకుతో మోటు మేకును తొలగించినట్లు మంచి తలపుతో చెడు తలపును తొలగించడం మొదటిది. ఆ తలపు వల్ల కలిగే కీడును పరిశీలించడం రెండవది. దాన్ని పట్టించుకోకుండా విడిచిపెట్టడం మూడవది. వేగంగా నడిచేవాడు ‘ఎందుకింత వేగం’ అని ప్రశ్నించుకొని నెమ్మదించినట్లు తలపు మూలాన్ని విచారించి శాంతపరచడం నాల్గవది. ఇవేవీ ఫలించనప్పుడే పండ్లు బిగించి మనసును బలంగా నిగ్రహించడం. తలపును పాపంగా చూసి భయపడటం ఇక్కడ లేదు. దానితో ఏం చేయాలన్నదే ప్రశ్న.

అయితే చరిత్ర విద్యార్థులుగా మనం ఒక జాగ్రత్త పాటించాలి. ‘ఈ చికిత్సను పాశ్చాత్యులు మన త్రిపిటకం నుంచి తీసుకున్నారు’ అనడం సరికాదు. న్యూయార్క్‌లో 1955 ప్రాంతంలో తన పద్ధతిని ప్రారంభించిన ఆల్బర్ట్ ఎల్లిస్, 1960ల నుంచి ఫిలడెల్ఫియాలో ఆలోచనా చికిత్సను రూపొందించిన ఆరన్ బెక్ తమ పూర్వులుగా ప్రాచీన గ్రీకు, రోమన్ స్టోయిక్ తాత్త్వికులను పేర్కొన్నారు. రోగుల మాటలను శ్రద్ధగా వినడం వల్ల, ఫలితాలను పరీక్షించడం వల్ల ఆ చికిత్స ఎదిగింది. బౌద్ధంతో పోలికను వివరంగా చూపినవారిలో శ్రీలంకకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పద్మల్ డి సిల్వా ముఖ్యుడు. ఆయన వ్యాసం 1984లో వెలువడింది. ఆ తరువాత సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు, కుంగుబాటు పదేపదే తిరగబెట్టేవారి కోసం బౌద్ధ ‘సతి’ సాధనను ఆలోచనా చికిత్సతో జోడించి 2002లో గ్రంథం ప్రకటించారు. అంటే రెండు వేర్వేరు నదులు చాలా దూరం విడిగా ప్రవహించి ఇటీవలే కలిశాయి. ఈ సత్యం వల్ల ధమ్మానికి వచ్చే లోటేమీ లేదు.

ఈ విషయం మనకు ఎందుకు ముఖ్యం? కొన్నేళ్ళ కిందట నా తరగతిలో ఒక విద్యార్థి బాగా చదివేవాడు, కాని నోరు విప్పేవాడు కాదు. ఒకనాడు అడిగితే, “మాలాంటివాళ్ళం చదివి ఏం సాధిస్తాం సార్” అన్నాడు. ఆ మాటకు ఆధారమేమిటని అడగడం ఆలోచనా చికిత్స మార్గం. అడిగాను. అతని మార్కులే ఆ మాటను కాదన్నాయి. కాని ఆ తలపు అతని మనసులో పుట్టింది కాదు. తరతరాలుగా ఊరు అతని పెద్దలకు చెప్పిన మాట అది. లోపలి తలపును మార్చి, బయటి ఊరును అలాగే వదిలేస్తే చికిత్స సగమే అవుతుంది.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ రెండు సగాలనూ ఒకే గ్రంథంలో ఉంచారు. 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో మనసే అన్నిటికీ కేంద్రమని బుద్ధుని బోధగా వివరించారు. అదే గ్రంథంలో సిద్ధార్థుని గృహత్యాగానికి కారణంగా శాక్య, కోలియుల మధ్య రోహిణీ నది నీటి తగాదాను చూపారు. దుఃఖం మనసులోనూ ఉంది, మనుషుల మధ్యనూ ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న లక్షలాది జనం తమ గురించి తాము మోస్తున్న పాత తలపును విడిచారు. ఆ తలపును పుట్టించిన వ్యవస్థనూ అదే రోజు తిరస్కరించారు.

ఇంకొక మాట. నిద్రలేమితో, కుంగుబాటుతో బాధపడే మనవారు వైద్యుని దగ్గరికో, కౌన్సెలింగ్‌కో వెళ్ళడాన్ని ధమ్మసాధనలో లోపంగా భావిస్తుంటారు. అది పొరపాటు. భగవానుని నోట గాథను స్వయంగా విన్న రాజుకే, దాన్ని పూటపూటా గుర్తుచేసే సుదస్సనుడు కావలసి వచ్చాడు. మన విహారాలలో వందన ముగిసిన తరువాత ఒక అరగంట యువతీయువకుల మాట వినడానికి కేటాయిద్దాం. వినేవారు ఉపదేశానికి తొందరపడకూడదు. వైద్యుని అవసరం ఉన్నవారిని గుర్తించి, వెంటబెట్టుకొని తీసుకువెళ్ళాలి.