మ్యూజిక్ రూమ్ గిటారుకు కన్నం పెట్టాలా?

మన స్కూల్ మ్యూజిక్ రూమ్‌లో బీరువా పక్కన నిలబెట్టి ఉండే పెద్ద గిటారు చాలా బ్యాచ్‌ల వాళ్లకు గుర్తుండే ఉంటుంది. దానికి నడుమ గుండ్రటి రంధ్రం ఉండదు. వయొలిన్‌కు ఉన్నట్టు రెండు వైపులా ‘ఎఫ్’ అక్షరం ఆకారంలో చీలికలుంటాయి. పైచెక్క చదునుగా కాక కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇలాంటి దాన్ని ఆర్చ్‌టాప్ గిటారు అంటారు. స్వర్ణోత్సవం నాడు దాన్ని వేదిక మీద వాయించాలని కమిటీలో అందరం ఒప్పుకున్నాం. హాలు చివరిదాకా వినిపించాలంటే పైచెక్కకు కన్నం కోసి పికప్ బిగించాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఇంజనీరును కాబట్టి నన్ను చెప్పమన్నారు. వద్దని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఎందుకు వద్దో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రం కలమజూ ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో మాండలిన్లకూ గిటార్లకూ వయొలిన్ తరహాలో పైచెక్కను ఉబ్బెత్తుగా చెక్కడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో 1902లో కంపెనీ వచ్చింది. అందులో పనిచేసిన లాయిడ్ లోర్ చేతి మీదుగా 1922లో ఎఫ్ రంధ్రాలతో ఎల్-5 గిటారు, ఎఫ్-5 మాండలిన్ తయారయ్యాయి. అప్పటి డాన్సు బ్యాండుల్లో ట్రంపెట్లు, శాక్సఫోన్లు ఉండేవి. గిటారు వాళ్ల ముందు మైకు ఉండేది కాదు. ఇత్తడి వాయిద్యాల హోరులోంచి గిటారు వినిపించాలంటే చెక్కే గట్టిగా పలకాలి.

అది ఎలా పలుకుతుందంటే, మందపాటి స్ప్రూస్ చెక్కను లోపలా బయటా తొలిచి, నడిమధ్య కాస్త మందంగా, అంచుల వైపు పలచగా చేస్తారు. తీగలు గిటారు చివరన ఉన్న లోహపు పట్టీకి కట్టి ఉంటాయి. బ్రిడ్జికి జిగురు ఉండదు, తీగల ఒత్తిడే దాన్ని చెక్క మీద అదిమి ఉంచుతుంది. మీటగానే తీగలోని శక్తి చాలా వేగంగా చెక్కలోకి దిగి గాలిలోకి వెళ్లిపోతుంది. అందుకే దెబ్బ గట్టిగా వినిపిస్తుంది, అంతే త్వరగా ఆరిపోతుంది కూడా. తాళం పట్టుకోవడానికి అదే కావాలి. కౌంట్ బేసీ బ్యాండులో 1937 నుంచి దాదాపు 50 ఏళ్లు వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ యాంప్లిఫయర్ జోలికి పోకుండా ఈ దెబ్బతోనే నెట్టుకొచ్చాడు. ఇంకా శబ్దం కావాలని కంపెనీలు గిటారును పెంచుకుంటూ పోయాయి. 1934లో వచ్చిన సూపర్ 400 వెడల్పు 18 అంగుళాలు. ఒళ్లో పట్టేంత వరకే చెక్కను పెంచగలం కదా!

1936లో గిబ్సన్ కంపెనీయే ఇఎస్-150 తెచ్చింది. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. చార్లీ క్రిస్టియన్ 1939లో బెనీ గుడ్‌మన్ బృందంలో చేరి, ఆ గిటారుతో శాక్సఫోన్‌లా ఒక్కో స్వరాన్ని పలికించి, 1942లో 25 ఏళ్లకే పోయాడు. అప్పటిదాకా వెనక కూర్చున్న గిటారు ముందుకొచ్చింది. కానీ అయస్కాంతం వినేది ఉక్కును. చెక్క దానికి నేరుగా వినిపించదు. పైగా పికప్ కోసం చెక్కను కోస్తే బలం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, మైకు లేనప్పుడు ఆ గిటారు మూగబోయినట్టుంటుంది. అందుకే కొందరు పికప్‌ను చెక్కకు తగలకుండా, తీగల పక్కన చేతికి అడ్డుగా ఉండే పలకకు వేలాడదీశారు. డి ఆర్మండ్ పికప్‌లు ఈ పద్ధతికి పేరు పడ్డాయి.

ఇలాంటి గిటారు సికింద్రాబాద్‌లో ఉండటం వింతేం కాదు. 1806లో కంటోన్మెంట్ వచ్చింది, 1874లో వాడి నుంచి రైలు వచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాప్ వచ్చింది. వాటితో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, వాళ్లతో రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులు, క్రిస్మస్ రాత్రుల బ్యాండులు వచ్చాయి. ఆ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయాయి. అలా వెళ్తూ ఒక మ్యూజిక్ సర్ మన స్కూల్‌కు ఇచ్చి వెళ్లిందే ఈ గిటారు. ఎఫ్ రంధ్రం అంచున టార్చి వేసి చూశాను. ప్లైవుడ్ అయితే పొరలు కనిపిస్తాయి. ఇక్కడ నార పైనుంచి కింద దాకా ఒకటే. అంటే చెక్కిన చెక్కే.

గట్టిగా వినిపించడం ఎలా అన్న ఈ చిక్కు మన సంగీతానికీ వచ్చింది. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణ నాదం గదికి సరిపోతుంది, వెయ్యి మంది సభకు సరిపోదు. చిట్టిబాబు వీణ మీద పలికించిన కోయిల కూత చివరి వరుసకు చేరాలంటే మైకు లేకుండా కుదిరే పని కాదు. వీణకు కాంటాక్ట్ మైకు అతికించడం మామూలైపోయాక రసికులు రెండుగా చీలిపోయారు. గమకం చివరి అంచు దాకా వినిపిస్తోందని కొందరు, నాదం రేకులా మోగుతోందని కొందరు. ఇద్దరి మాటా నిజమే. చెక్క మీద ఒక్క చోట అతికించింది ఆ ఒక్క చోటి కదలికనే చెబుతుంది. మన చెవి వినేది చెక్క అంతా కలిసి గాలిని కదిపిన మాట.

పాలకొల్లు శ్రీనివాస్ దారి వేరు. 1969లో పుట్టాడు, అంటే మా బ్యాచ్ కంటే ఒకటి రెండేళ్లే పెద్ద. తండ్రి మాండలిన్ అందుకుని, రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర నేర్చుకున్నాడు. గురువు గారికి మాండలిన్ రాదు, ఆయన పాడితే ఈయన వాయించేవాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. చెక్క పెట్టె ఉన్న మాండలిన్‌లో స్వరం మీటగానే ఆరిపోతుంది. లాయిడ్ లోర్ కోరుకున్న గుణమే అది. కర్ణాటక సంగీతానికి మాత్రం అడ్డు, ఎందుకంటే స్వరం నిలవకపోతే గమకం ఎక్కడ పలుకుతుంది? అందుకని శ్రీనివాస్ బోలు పెట్టెనే వదిలేసి, జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు వచ్చాడు. శక్తి పెట్టె చెక్కలోకి పారిపోదు కాబట్టి తీగ ఎక్కువసేపు మోగుతుంది. ‘సహజ నాదం’ పోయిందని బాధపడేవాళ్లకు ఆయన వాయిద్యమే జవాబు. కానీ ఆయన చెక్క వాయిద్యానికి కన్నం కోయలేదు, తనకు కావలసిన వేరే వాయిద్యం ఎంచుకున్నాడు. జైపూర్‌లో విశ్వమోహన్ భట్ ఇంకో వైపు వెళ్లారు. ఆర్చ్‌టాప్ గిటారునే మార్చి మోహన వీణ చేశారు. 1994లో ఆయనకు గ్రామీ తెచ్చిన రికార్డు పికప్‌తో కాదు, చర్చిలో మైకులు పెట్టి తీసినది.

మరి మైకు పెడితే సరిపోదా? మన రోజుల్లో యాన్యువల్ డేలో ఈ గిటారు ముందు మైకు పెడితే ఏం జరిగిందో కొందరికి గుర్తుండాలి. ముందు బుయ్యిమని, తర్వాత హాలంతా చెవులు మూసుకునేలా ఊళ వేసింది. మైకు సెట్టు అన్న సౌండ్ తగ్గిస్తే గిటారు లేదు, పెంచితే ఊళ. వెడల్పాటి పైచెక్క దానికదే ఒక మైకు పొర లాంటిది. స్పీకర్ శబ్దం దాన్ని కదిపితే ఆ కదలిక మళ్లీ స్పీకర్‌కు పోతుంది. లోపలి గాలి సహజంగా ఊగే వేగం 100 హెర్ట్జ్‌కు కాస్త పైన ఉంటుంది. ఐదో తీగ వట్టిగా మీటితే వచ్చేది 110 హెర్ట్జ్. బుయ్యి మొదలయ్యేది అక్కడే. మైకు దూరం రెట్టింపైతే గిటారు శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, దాన్ని భర్తీ చేయడానికి సౌండ్ పెంచితే స్పీకర్ హోరు కూడా పెరుగుతుంది.

కాబట్టి పని రెండుగా పంచుదాం. మందర స్వరాలు వేలాడే పికప్ నుంచి తీసుకుందాం, చెక్కకు ఒక్క స్క్రూ కూడా వద్దు. మైకును కింది ఎఫ్ రంధ్రానికి ఒక అడుగు దూరంలో, రంధ్రానికి సూటిగా కాకుండా బ్రిడ్జి వైపు తిప్పి పెట్టి, 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మిక్సర్‌లో కోసేద్దాం. చెక్క గొంతు ఎక్కువగా ఆ పైనే ఉంటుంది, ఊళ వేసేది కిందనే. స్పీకర్లు మైకుకు వెనక వైపు, వేదిక అంచు కంటే ముందుకు ఉండాలి. గిటారు పక్కన మానిటర్ పెట్టొద్దు. వాయించేవాళ్లకు ఇయర్‌ఫోన్ చాలు.

ఒక్క ఖర్చు మాత్రం తప్పదు, తీగలు. ఇప్పుడున్నవి కంచు చుట్టినవి. అయస్కాంతానికి కంచు కనిపించదు, లోపలి సన్నటి ఉక్కు మాత్రమే కనిపిస్తుంది. దాంతో కింది నాలుగు తీగలు నీరసంగా, పై రెండూ మరీ గట్టిగా పలుకుతాయి. నికెల్ చుట్టిన సెట్టు వేయాలి. పండక్కి వారం ముందే వేస్తే తీగలు సాగి, శ్రుతి నిలబడే వేళకు మనకు రిహార్సల్‌కు రెండు రోజులు మిగులుతాయి.