నెల్లూరు ఆబోతు - శుక్రద్రవ రహస్యము

బ్రెజిల్ దేశపు పచ్చిక బయళ్ళలో మేయు తెల్లని, మూపురము గల పశువులను అచ్చటివారు ‘నెలోరి’ జాతి యందురు. అది మన నెల్లూరు పేరే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదగుటచే, మనము ఒంగోలు జాతి యని చెప్పుకొను పశువులు సముద్రము దాటి నెల్లూరు పేరిట వెలసినవి. 19వ శతాబ్దిలో మొదలైన ఆ ఓడ ప్రయాణములలో, 1960వ దశకపు తొలినాళ్ళలో వెళ్ళిన ‘కరవది’ ఆబోతు మిక్కిలి ప్రఖ్యాతమైనది. ఒంగోలు చెంతనున్న గ్రామము పేరే దానికి నిలిచినది.

ఆబోతును ఓడనెక్కించుట వ్యయప్రయాసలతో కూడిన పని. దాని వీర్యమును మాత్రమే పంపగలిగిన నాడు పశుపోషణ చరిత్ర మారినది. మన దేశమున 1939లో మైసూరు రాజభవన పాడిశాలలో సంపత్ కుమారన్ కృత్రిమ గర్భోత్పాదనమునకు నాంది పలికెను. గ్లిసరాల్ చేర్చినచో శుక్రకణములు గడ్డకట్టు చలిని సైపగలవని 1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు చూపిరి.

అయినను ఒక చిక్కు మిగిలినది. చూపునకు సమానబలము గల రెండు ఆబోతులలో ఒకదాని వలన ఆవులు చూలు నిలుపుకొనును. వేరొకదాని వలన నిలుపుకొనవు. నింద మాత్రము ఆవుపై పడి, అది గొడ్డుటావు అనిపించుకొనును. 1677లో లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో ఈదులాడు శుక్రకణములను చూచినది మొదలు పండితుల దృష్టి ఆ కణములపైననే నిలిచినది. వానిని మోయు ద్రవమును చిరకాలము వాహనమాత్రముగా ఎంచిరి.

ఆ ద్రవమున మాంసకృత్తులు కలవు. 1987లో మాంట్రియల్ నగరమున మంజునాథ్, సాయిరామ్ అనువారు ఆబోతు శుక్రద్రవములోని మూడు ముఖ్య మాంసకృత్తులను వేరుపరచి వర్ణించిరి. ఇవి శుక్రకణపు పైపొరనంటి, అందలి కొలెస్టరాలును కొంత తొలగించి, కణమును ఫలదీకరణమునకు సిద్ధపరచును. ఆ సంపర్కమే దీర్ఘమైనచో పైపొర చెడి, చలనము సన్నగిల్లును. మితి మీరిన ఔషధము విషమగునట్లే యిదియును. వీర్యమును నిలువచేయుటకు 1940 నాటినుండి గ్రుడ్డు పచ్చసొనను వాడుచుండిరి. అందలి కొవ్వుకణికలు ఈ మాంసకృత్తులను పట్టియుంచి కణములను కాపాడునను సంగతి 2002లో గాని వెల్లడి కాలేదు. ఈ మధ్యలో, 1993లో అమెరికాలో హోల్‌స్టీన్ ఆబోతులను పరీక్షింపగా, రెండు మాంసకృత్తులు ఫలశక్తి హెచ్చుగా గలవానియందును, వేరు రెండు తక్కువగా గలవానియందును అధికముగా కానవచ్చెను.

మనుష్యులయందు వేరొక ఏర్పాటు కలదు. వీర్యము వెలువడిన వెంటనే సెమినోజెలిన్ అను మాంసకృత్తు దానిని గడ్డకట్టించి కణములను కదలనీయదు. ప్రోస్టేటు గ్రంథినుండి వచ్చు మరియొక మాంసకృత్తు కొద్ది నిమిషములలో దానిని ఛేదించి వానిని విడుదల చేయును. ఈ ఏర్పాటు తప్పినచో, కణములున్నను కదలిక కొరవడవచ్చును.

కావున ఆబోతును మూపురము చూచి మాత్రమే గాక, వీర్యమును పరీక్షించి యెన్నుకొనవలెను. ఒంగోలు జాతి పుట్టినింట నిలుచుటకు అది అవసరము. అట్లే, బిడ్డలు కలుగని యింట పురుషుని పరీక్షింపకముందే ఇల్లాలిని గొడ్రాలనుట శాస్త్రమునకును న్యాయమునకును విరుద్ధము.