చైనా అక్షరాల్లో రేనాటి దావ

క్రీ.శ. 646లో చైనాలో పూర్తయిన ఒక గ్రంథంలో మా సీమకు దావ రాసి ఉంది. చెప్పినవాడు హ్యూయన్ త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు. రాసినవాడు ఆయనకు సహాయకుడైన బియాన్‌జీ అనే మరో భిక్షువు. రాయించుకున్నవాడు తాంగ్ చక్రవర్తి తైజోంగ్. పదిహేనేళ్లకు పైగా దేశాలు తిరిగి 645లో రాజధాని చాంగాన్ చేరిన భిక్షువును, తిరిగిన దేశాల సంగతులన్నీ చెప్పమని చక్రవర్తి కోరాడు. ఏ దేశం నుంచి ఏ దిక్కుకు ఎన్ని లీలు (లీ అంటే చైనావాళ్ల దూరం కొలత) పోతే ఏ దేశం వస్తుంది, దాని చుట్టుకొలత ఎంత, నేల ఎట్లాంటిది, జనం ఎట్లాంటివాళ్లు, గుళ్లూ విహారాలూ ఎన్ని అనే వరసలో పన్నెండు భాగాల గ్రంథం తయారైంది.

తెలుగు నేల పదో భాగంలో వస్తుంది. మొదట వేంగి, తర్వాత అమరావతి పక్కనున్న ధాన్యకటకం. అక్కణ్ణుంచి నైరుతి దిక్కుగా ఇంచుమించు వెయ్యి లీలు పోతే వచ్చే దేశాన్ని మూడు చైనా అక్షరాల్లో రాశారు. పండితులు దాన్ని 'చూలియ' అని చదివారు. ఆ దేశం చుట్టుకొలత 2,400 నుంచి 2,500 లీలు, రాజధాని చుట్టూ పది లీలు. జనం పలచన. చిత్తడి నేలలు, చిట్టడవులు, బాహాటంగా తిరిగే దొంగల గుంపులు, మండే ఎండలు. బౌద్ధ విహారాలు పాడుబడిపోయాయని, దేవాలయాలు కొన్ని పదులు ఉన్నాయని, దిగంబర జైనులు ఎక్కువగా ఉన్నారని ఆ గ్రంథం చెబుతుంది. అక్కణ్ణుంచి అడవిలో దక్షిణంగా 1,500, 1,600 లీలు పోతే ద్రావిడ దేశం, దాని రాజధాని కాంచీపురం.

నాది కడప జిల్లా చాపాడు. ఉన్నత పాఠశాల పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయినాను. హ్యూయన్ త్సాంగ్ పేరు వస్తే హర్షుడు, నలందా అని చెప్పి ముందు పాఠానికి పోవడమే బళ్లో అలవాటు. ఆ భిక్షువు చెప్పిన దావ కుందూ, పెన్నా పారే మన నేల మీదికి వస్తుందని మా పిల్లలకు తెలియాలి. ఆ దావను గుర్తుపట్టడానికి పండితులకు ఎందుకంత కాలం పట్టిందో తెలిస్తే, ఈ రోజు కారులో పెట్టుకునే దారిచూపే యంత్రాన్ని ఎట్లా ఎంచుకోవాలో కూడా తెలుస్తుంది.

ఈ గ్రంథాన్ని 1857, 1858లలో స్తనిస్లాస్ జూలియన్ ఫ్రెంచిలోకి, 1884లో శామ్యూల్ బీల్ ఇంగ్లిషులోకి తెచ్చారు. 'చూలియ' అంటే చోళ అని అందరికీ తోచింది. చోళులంటే కావేరి ఒడ్డు. కానీ కావేరి కాంచీపురానికి దక్షిణాన ఉంది. చూలియ నుంచి దక్షిణానికి పోతే కంచి రావాలని గ్రంథం అంటుంది. అంటే ఈ దేశం కంచికి ఉత్తరాన ఉండాలి. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1871లో అచ్చయిన తన ప్రాచీన భూగోళ గ్రంథంలో కర్నూలు వైపు చూపించాడు. తర్వాత విన్సెంట్ స్మిత్ దత్తమండలాలని, అందులోనూ ముఖ్యంగా కడప జిల్లా అని తేల్చాడు.

ఈ లెక్కను ఎవరైనా ఇంట్లో కూచొని సరిచూసుకోవచ్చు. కన్నింగ్‌హామ్ ఆరు లీలను ఒక మైలుగా లెక్కకట్టాడు. ఆ ప్రకారం వెయ్యి లీలంటే సుమారు 167 మైళ్లు, అంటే 270 కిలోమీటర్లు. పటం మీద అమరావతి నుంచి కర్నూలుకు గీత గీస్తే దూరం దగ్గరదగ్గరగా సరిపోతుంది గానీ గీత దాదాపు పడమటికి పోతుంది. అదే కొలతతో చాపాడు, ప్రొద్దుటూరు పక్కకు గీస్తే దూరమూ కుదురుతుంది, దిక్కు కచ్చితంగా నైరుతి అవుతుంది. కంచికి చెప్పిన 1,500 లీలు మాత్రం నేరు గీతకు చాలా ఎక్కువ. కొండలు చుట్టుకుంటూ అడవిలో నడిచే మనిషి లెక్క పటం మీది లెక్కతో కలవకపోవడం సహజమే.

అయినా దిక్కూ దూరమూ కలిస్తే చాలదు. ఆ కాలంలో ఇక్కడ చోళులనే పేరుతో ఎవరన్నా ఏలినారా? దానికి జవాబు మా నేలలోనే దొరికింది. పాత కమలాపురం తాలూకా మాలెపాడులో దొరికిన రాగిరేకులను హెచ్. కృష్ణశాస్త్రి ఎపిగ్రాఫియా ఇండికా 11వ సంపుటిలో ప్రకటించాడు. అవి పుణ్యకుమారుడనే రాజువి. తమది కరికాల చోళుడి వంశమని అందులో చెప్పుకున్నాడు. ఇతని కాలం ఏడో శతాబ్దమని చాలామంది చరిత్రకారుల లెక్క. అంటే ఆ చైనా భిక్షువు ఈ దేశంలో తిరిగిన శతాబ్దమే. పుణ్యకుమారుడి పూర్వీకుడు ధనంజయుడి శాసనం కలమళ్ల చెన్నకేశవస్వామి గుడిలో దొరికింది. సుమారు 575 నాటిదని చెప్పే ఆ రాతిని తొలి తెలుగు శాసనమని లెక్కిస్తారు. మా సీమకు పాత పేరు రేనాడు; ధనంజయుడు ఏలిన ఆ రేనాడు పేరు దాని మీద తెలుగులోనే ఉంది. ఇప్పుడు కలమళ్ల అంటే అందరికీ రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు గుర్తొస్తాయి. నాకు ఆ రాయి గుర్తొస్తుంది.

భిక్షువు చెప్పిన జైనుల జాడ కూడా ఇక్కడ ఉంది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో, ఇసుకలో కూరుకుపోయిన జైన ఆలయం ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో తవ్వకాల్లో బయటపడింది. అక్కడి శాసనాలు తర్వాతి రాష్ట్రకూటుల కాలానివి. నందలూరు దగ్గర చెయ్యేటి పక్కన బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. చైనా అక్షరాల్లో ఉన్న మూడు ముక్కల పేరుకు రేనాటి చోళులు, కలమళ్ల, మాలెపాడు, దానవులపాడు కలిసి సాక్ష్యం చెప్పాయి.

పన్నెండు వందల ఏళ్ల పాటు ఈ దావ తేలకపోవడానికి కారణం ఒక్కటే. దిక్కూ దూరమూ చెదరకుండా వచ్చాయి గానీ దేశం పేరు పరాయి అక్షరాల్లోకి పోయి గుర్తు తెలియకుండా పోయింది. ఈ నేల మీద ఈ నేల అక్షరాల్లో చెక్కిన పేరు దొరికినాకనే గుర్తు గట్టిపడింది.

మా ఊళ్లలో దావ చెప్పే పద్ధతి కూడా ఆ భిక్షువు పద్ధతికి దగ్గరే. కుడి, ఎడమ అని ముసలోళ్లు చెప్పరు. "కాలువ కట్టమింద తూరుపుకు పో నాయనా, యాపమాను కాడ దచ్చినానికి తిరుక్కో, కూతవేటు దూరమే" అంటారు. ఎటు నుంచి వచ్చినవాడికైనా తూర్పు తూర్పే. కుడి ఎడమలు మనిషి తిరిగిన కొద్దీ మారతాయి. కుందూ ఒడ్డున అల్లాడుపల్లె వీరభద్రస్వామి తిరునాళ్లకు బండ్లు కట్టుకొని వచ్చినోళ్లందరూ ఇట్లా అడుగుతూ వచ్చినవాళ్లే.

ఆ భిక్షువు తర్వాత వచ్చిన ప్రయాణికులూ తమ భాషలో తమవాళ్ల కోసమే రాసుకున్నారు. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి తవెర్నియే మచిలీపట్నం నుంచి బయల్దేరి గండికోటకు వచ్చాడు. అప్పుడు గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. మణులు ముందు ఆయనకు చూపించాలి, అందుకు ఇంత దూరం. తవెర్నియే మజిలీలను కోసుల్లో లెక్కపెట్టి 1676లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ పుస్తకంలో మన ఊళ్ల పేర్లు ఫ్రెంచి చెవికి వినబడినట్లు ఉంటాయి. చాలావాటిని ఈ రోజుకూ ఊహించుకోవాల్సిందే.

తెలుగులో అట్లాంటి పని చేసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరిన దావ ఆయనది. కడప నుంచి కంచి పక్కకు హ్యూయన్ త్సాంగ్ చెప్పిన అడవి దావకు ఇది ఇంచుమించు ఎదురు ప్రయాణం. ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ సత్రం, ఏ ఏరు ఎట్లా దాటాలి అని ఊరూరా రాసుకుంటూ పోయాడు. అది 1838లో కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల పూనికతో కాశీయాత్రచరిత్రగా అచ్చయింది. అందులో ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. అందుకే ఆ పుస్తకం పట్టుకొని ఈ రోజు బయల్దేరినా మనిషి దావ తప్పడు. ఏ పండితుడి లెక్కా అక్కర్లేదు.

ఇప్పుడు ఈ కాలానికి వస్తాను. మా మేనల్లుడు ఒక కంపెనీ పని మీద షీఆన్‌లో ఉంటున్నాడు. హ్యూయన్ త్సాంగ్ తిరిగి చేరిన చాంగానే ఈ షీఆన్. అక్కడ లైసెన్సు తీసుకొని కారు కొన్నాక, వేరే దేశంలో కొన్న దారిచూపే యంత్రాన్ని అందులో పెట్టాడు. దానికి ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే తెలుసు. షీఆన్ ఉన్న రాష్ట్రం పేరూ, దాని పక్క రాష్ట్రం పేరూ చైనావాళ్ల నోట స్వరం తేడాతోనే వేరవుతాయి. తెలుగులో రెండూ షాన్‌షీ అనే రాయాలి. ఇంగ్లిషులో వేరు చెయ్యడానికి ఒకదానికి అదనంగా ఒక అచ్చు అక్షరం తగిలించుకున్నారు. మాండరిన్‌లో స్వరాలు తీసేస్తే దాదాపు 400 ధ్వనులే మిగులుతాయి, స్వరాలతో కలిపితే సుమారు 1,300. స్వరం గుర్తు లేని ఇంగ్లిషు అక్షరాల్లో వీధుల పేర్లు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. వాడు యంత్రంలో చూసి అడిగిన పేరు దారినపోయేవాళ్లకు అర్థం కాలేదు. వాళ్లు చూపించిన బోర్డు మీది అక్షరాలు యంత్రంలో లేవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చైనా చట్టం ప్రకారం పటాలు తయారుచెయ్యాలంటే అనుమతి ఉండాలి. అక్కడి పటాల్లో అక్షాంశ రేఖాంశాలను కావాలనే కొంచెం జరిపి చూపిస్తారు. ఆ లెక్క తెలియని పరాయి యంత్రం కారును అసలు చోటుకు కొన్ని వందల మీటర్ల దూరంలో చూపించవచ్చు. అందుకని వాడు ఈసారి యంత్రాన్ని వెతికి ఎంచుకున్నాడు. మొదట, పటం ఆ దేశంలో అనుమతితో తయారైనదేనా అని చూశాడు. రెండోది, ఊళ్ల పేర్లు చైనా అక్షరాల్లో కనబడాలి, వేలితో తెరమీద రాసినా వెతకాలి. మూడోది, మాండరిన్‌లో గట్టిగా చెప్పగలగాలి, పక్కన కూచున్న అక్కడి మనిషి విని సరిదిద్దడానికి. నాలుగోది, మలుపులు మాత్రం వాడికి తెలిసిన భాషలో చెప్పాలి, నడిపే మనిషి ఆలోచించుకునే తీరిక ఉండదు గనుక. ఈ నాలుగూ విన్నప్పుడు, రేనాటి దావ పన్నెండు వందల ఏళ్లు ఎందుకు తేలలేదో వాడు రోడ్డు మీద నేర్చుకున్నాడనిపించింది. పేరు ఆ నేల అక్షరాల్లో ఉండాలి, మాట నడిచేవాడి భాషలో ఉండాలి. రెంటిలో ఏది లేకున్నా దావ కుదరదు.

ఉపగ్రహాల వల్ల ఈ చిక్కు తీరదు. చైనా తన బెయ్‌డో వ్యవస్థను 2020 జులైలో ప్రపంచానికంతటికీ తెరిచింది. మన దేశం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి మొదటి దారిచూపే ఉపగ్రహాన్ని పంపింది. ఆ వ్యవస్థకు 2016లో నావిక్ అని పేరు పెట్టారు. ఇవి ఇచ్చేది మనం నిలబడిన చోటు అంకెల్లో. ఆ చోటును ఏమని పిలవాలో చెప్పేది అక్కడ పుట్టిపెరిగిన మనుషులే. ఫోన్ మ్యాపుల్లో తెలుగు గొంతు 2018లో వచ్చింది. మా ఊరి ట్రాక్టరు డ్రైవర్లు ఇంగ్లిషు రాకున్నా బెంగళూరు దాకా పోయి వస్తున్నారు. ఇది చిన్న సంగతి కాదు. నాలుగు వందల కిలోమీటర్లయినా, నలభై అయినా, సొంత భాషలో దావ వినడం మనిషికి ధైర్యం.

మిగిలిన పని పేర్లది. ఇంగ్లిషులో రాసిన ఊరి పేరులో డకారమో దకారమో తెలియదు, ళకారం తెలియదు, దీర్ఘం ఉందో లేదో తెలియదు. అక్కణ్ణుంచి తెలుగులోకి తిప్పితే చాపాడు చాపడు అవుతుంది, కలమళ్ల కలమల్ల అవుతుంది. పెద్ద ఊళ్లను ఎవరో ఒకరు సరిచేస్తారు. కొట్టాలు, పల్లెలు, పాడుబడ్డ ఊళ్లు, వంకలు, దిన్నెలు వీటి పేర్లు ముసలోళ్ల నోట్లోనూ, రెవెన్యూ అడంగల్ పుస్తకాల్లోనూ మాత్రమే ఉన్నాయి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వంటి అందరి పటాల్లో ఎవరైనా సరే ఊరి పేరును తమ లిపిలో చేర్చవచ్చు. రిటైరయిన ఉపాధ్యాయులమూ, తొమ్మిది పది తరగతుల పిల్లలూ కలిసి కూచుంటే మా మండలంలో ప్రతి పల్లె పేరూ తెలుగులో, సరైన అక్షరాలతో పటం మీదికి ఎక్కుతుంది. చాపాడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బళ్లన్నీ ఈ పని పట్టాలని నా కోరిక. తొలి తెలుగు శాసనం ఉన్న సీమకు ఇది తగిన పని, ఈ ఏడే మొదలుపెట్టదగిన పని.