మహిళల క్రీడల్లో లింగ పరీక్షలు

అంతర్జాతీయ పోటీల్లో మహిళల విభాగంలో దిగే క్రీడాకారిణికి ఆ అర్హత ఉందా లేదా అని తేల్చడానికి క్రీడా సమాఖ్యలు జరిపే వైద్య పరీక్షలివి. తొంభై ఏళ్లుగా ఏదో ఒక రూపంలో సాగుతున్నాయి. మొదట డాక్టర్లు కంటితో చూసి చెప్పేవారు. తర్వాత చెంప లోపలి కణాల్లో క్రోమోజోములు వెతికారు. ఆపైన రక్తంలో టెస్టోస్టెరాన్ కొలిచారు. 2025 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్‌లో ఒకే ఒక్క జన్యువు కోసం పరీక్ష తప్పనిసరి అయింది. పుట్టుకతో వచ్చే శరీర లింగానికీ, మనిషి తన గురించి తాను చెప్పుకునే లింగ గుర్తింపుకూ, మహిళల హక్కులకూ మధ్య నేడు ప్రపంచమంతటా నడుస్తున్న వాదనలో ఎక్కువ అంకెలు, ఎక్కువ తీర్పులు పోగుపడింది ఈ రంగంలోనే.

మహిళలకు వేరే విభాగం ఎందుకన్న విషయంలో పెద్దగా తగువు లేదు. అగ్రస్థాయి పరుగు పందేల్లో ఆడ, మగ కాలాల మధ్య తేడా సుమారు 10 నుంచి 12 శాతం. యుక్తవయసులో పెరిగే టెస్టోస్టెరాన్ వల్ల కండ, ఎముక, హిమోగ్లోబిన్ అన్నీ మారిపోవడమే దీనికి ముఖ్య కారణమని శరీరధర్మ శాస్త్రజ్ఞుల్లో అత్యధికులు చెబుతారు. ఈ విభాగం లేకపోతే ఒలింపిక్ పరుగు పందేల ఫైనల్లో ఒక్క మహిళ కూడా కనిపించదు. కనుక గీత అవసరమే. దాన్ని ఎక్కడ గీయాలి, గీసేటప్పుడు ఎదుటి మనిషితో ఎలా నడుచుకోవాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ చరిత్రలో ఎక్కువ గాయాలు రెండో ప్రశ్నను పట్టించుకోకపోవడం వల్లే అయ్యాయి.

తొలి రోజుల కథల్లో జాగ్రత్తగా చదవాల్సింది జర్మన్ హైజంపర్ డోరా రాట్యెన్‌ది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1938 వియన్నా యూరోపియన్ పోటీల్లో ప్రపంచ రికార్డు. ఇంటికి తిరిగి వెళ్తుండగా మాగ్డెబర్గ్ స్టేషన్లో పోలీసులు పట్టుకుని, మగవాడని తేల్చారు. పతకాల కోసం నాజీలే ఒక యువకుడికి ఆడవేషం వేసి పంపారన్న కథ 1960ల నుంచి పుస్తకం తర్వాత పుస్తకంలో తిరిగింది. 2009లో జర్మన్ వారపత్రిక డెర్ స్పీగల్ అప్పటి పోలీసు, వైద్య పత్రాలు బయటపెట్టాక ఆ కథకు బలం తగ్గింది. పుట్టినప్పుడే శరీరం సందిగ్ధంగా ఉండడంతో ఆడపిల్లగా నమోదై, ఆడపిల్లగానే పెరిగినట్టు ఆ పత్రాలు సూచిస్తాయి. రెండు కథనాల్లో ఇదే నమ్మదగింది.

అదే బెర్లిన్‌లో 100 మీటర్లు గెలిచిన అమెరికా అమ్మాయి హెలెన్ స్టీఫెన్స్‌ను మగవాడని అనుమానించి పరీక్షించారు, మహిళేనని తేలింది. ఆమె చేతిలో ఓడిన పోలండ్ పరుగుల రాణి స్టెల్లా వాల్ష్ 1980లో క్లీవ్‌లాండ్‌లో దోపిడీ దొంగల కాల్పుల్లో చనిపోయింది. ఆమె శరీరం పూర్తిగా ఆడా కాదు, మగా కాదని శవపరీక్షలో తెలిసింది. అనుమానం ఒకరి మీద, అసలు చిక్కు మరొకరిలో. ఫిర్యాదు వస్తే శరీర పరీక్ష జరపవచ్చన్న నిబంధనను అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య (2019 నుంచి దీని పేరు వరల్డ్ అథ్లెటిక్స్) తెచ్చింది ఆ 1936లోనేనని ఎక్కువమంది రాస్తారు. యుద్ధం తర్వాత డాక్టరు సర్టిఫికెట్ల పద్ధతి వచ్చింది.

1966లో బుడాపెస్ట్ యూరోపియన్ పోటీలకు వచ్చిన మహిళలందరినీ డాక్టర్ల బృందం ముందు బట్టలు లేకుండా నడిపించారు. సోవియట్ ఛాంపియన్లు తమారా, ఇరీనా ప్రెస్ అక్కచెల్లెళ్లు ఆ పోటీలకు రాలేదు. పరీక్షకు భయపడే రాలేదని నేటికీ రాస్తున్నారు గానీ అది ఊహే. ఆ అవమానం మీద నిరసన రేగడంతో క్రోమోజోమ్ పరీక్ష వచ్చింది. 1967లో పోలండ్ స్ప్రింటర్ ఏవా క్లొబుకోవ్‌స్కా అందులో తప్పింది. ముందటేడు బుడాపెస్ట్‌లో డాక్టర్లు కళ్లారా చూసి సరేనన్నది ఈమెనే. 1968 ఒలింపిక్స్ నుంచి ఈ పరీక్ష స్థిరపడింది.

ఈ పద్ధతిలోని లోపం ఏమిటో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హొసే మార్టీనెస్ పాటీన్యో జీవితం చెబుతుంది. 1983లో హెల్సింకీలో పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ పుచ్చుకుంది. 1985లో జపాన్‌లోని కోబె విశ్వవిద్యాలయ క్రీడలకు వెళ్తూ ఆ కాగితం ఇంట్లో మరిచిపోవడంతో మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి ఎక్స్‌వై క్రోమోజోములు కనిపించాయి. దెబ్బ తగిలినట్టు నటించమన్నారు. కాలికి కట్టుతో గ్యాలరీలో కూర్చుని తన పందేన్ని తానే చూసింది. 1986 జనవరిలో స్పెయిన్ జాతీయ పోటీల నుంచి కూడా చప్పుడు చేయకుండా తప్పుకోమంటే ఒప్పుకోలేదు. పరుగెత్తి గెలిచింది. వెంటనే విషయం పత్రికలకెక్కింది. స్కాలర్‌షిప్ పోయింది, హాస్టల్ గది పోయింది, రికార్డుల పట్టికలో పేరు పోయింది, పెళ్లాడాల్సినవాడూ వెళ్లిపోయాడు. ఇవన్నీ 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆమే రాసింది.

ఆమెది ఆండ్రోజెన్‌కు శరీరం బొత్తిగా స్పందించని స్థితి. రక్తంలో టెస్టోస్టెరాన్ ఉంటుంది, కణాలు దాన్ని అందుకోవు. కనుక శరీరం ఆడ శరీరంగానే పెరుగుతుంది, ఆ హార్మోను వల్ల కండబలం రాదు. పందెంలో ఆమెకు ఏ లాభమూ ఇవ్వని క్రోమోజోమే ఆమెను దోషిని చేసింది. ఫిన్లాండ్ జన్యు శాస్త్రవేత్త ఆల్బర్ట్ డి లా షపెల్ ఆమె పక్షాన వాదించాడు. 1988లో మళ్లీ అనుమతించారు. 1992 బార్సిలోనా ఒలింపిక్ అర్హత సెకనులో పదో వంతు తేడాతో తప్పిపోయింది.

1996 అట్లాంటాలో పరీక్షించిన 3,387 మంది మహిళల్లో ఎనిమిది మందికి మగ జన్యు గుర్తు కనిపించింది. వారిలో ఏడుగురిది పాటీన్యో లాంటి, లేదా దానికి దగ్గరి స్థితి. ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. 1999లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అందరికీ పరీక్ష అన్న పద్ధతిని ఆపేసింది. అనుమానం వస్తే మాత్రం పరీక్షించే వీలు అట్టిపెట్టుకుంది.

ఆ వీలు ఎవరి మీద పడిందో చూస్తే, ఎక్కువగా ఆసియా, ఆఫ్రికా దేశాల పేద ఇళ్ల అమ్మాయిల మీదే. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. కొద్ది రోజుల్లోనే పరీక్షలో తప్పిందన్న వార్త టీవీల్లో వచ్చింది, పతకం పోయింది. అప్పటి తమిళనాడు ప్రభుత్వం 15 లక్షల రూపాయల బహుమతి మాత్రం ఇచ్చింది. 2012లో ఆమె ఇటుక బట్టీలో కూలి చేస్తోందని పత్రికలు రాశాయి. తర్వాత కోచ్‌గా నిలదొక్కుకుంది. 2009 బెర్లిన్ ప్రపంచ పోటీల్లో దక్షిణాఫ్రికాకు చెందిన 18 ఏళ్ల కాస్టర్ సెమెన్యా 1:55.45కి 800 మీటర్లు గెలిచే నాటికే ఆమె పరీక్షల సంగతి లోకమంతా పాకింది. ఆ గొడవ ఫలితంగా 2011లో కొత్త నిబంధన వచ్చింది: టెస్టోస్టెరాన్ లీటరుకు 10 నానోమోల్స్ దాటిన మహిళ దాన్ని తగ్గించుకుంటేనే మహిళల పందెంలో పరుగెత్తాలి.

ఈ నిబంధనను న్యాయస్థానంలో నిలదీసింది ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా నేత కార్మికుల ఇంటి అమ్మాయి ద్యుతీ చంద్. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు కొద్ది రోజుల ముందు ఆమెను జట్టు నుంచి తీసేశారు. మందులతోనో శస్త్రచికిత్సతోనో హార్మోను తగ్గించుకోవడం ఒక దారి. తనకు ఏ జబ్బూ లేదని చెప్పి ఆమె రెండో దారి, అంటే న్యాయస్థానం దారి పట్టింది. ఎక్కడికి వెళ్లాలో తోచని ఆ రోజుల్లో హైదరాబాద్‌లో తన అకాడమీలో ఉండమని పుల్లెల గోపీచంద్ చోటిచ్చారు. కోచ్ నాగపురి రమేశ్ శిక్షణ ఆపలేదు. గచ్చిబౌలిలో పరుగు సాధన ఒకవైపు, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ముందు వాదనలు మరోవైపు సాగాయి. కెనడా న్యాయవాదులు ఫీజు తీసుకోకుండా వాదించారు.

2015 జులైలో వచ్చిన తీర్పును చాలామంది పూర్తి విజయంగా చెప్పుకుంటారు. నిజానికి అది అంతకన్నా జాగ్రత్తగా రాసిన తీర్పు. టెస్టోస్టెరాన్ ఆటలో బలాన్నిస్తుందన్న వాదనను న్యాయమూర్తులు కాదనలేదు. ఆ హార్మోను సహజంగానే ఎక్కువ ఉన్న మహిళకు మిగతా మహిళల మీద ఎంత శాతం లాభం వస్తుందో సమాఖ్య చూపలేకపోయిందన్నారు. ఆడ, మగ తేడా అంత లాభమైతే వేరే మాట. రెండు మూడు శాతమే అయితే పొడవైన కాళ్లు, మంచి తిండి, మంచి కోచ్ ఇచ్చే లాభాలూ అలాంటివే కదా. ఆ లెక్కకు ఆధారాలు తెమ్మని రెండేళ్ల గడువిచ్చి నిబంధనను నిలిపేశారు. 2016లో ద్యుతీ రియో వెళ్లింది. ఒలింపిక్స్ 100 మీటర్లలో భారత మహిళ పరుగెత్తడం 1980లో పి.టి. ఉష తర్వాత అదే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. 2023లో నిషిద్ధ పదార్థాల కేసులో ఆమెపై పడిన నాలుగేళ్ల నిషేధానికీ ఈ వివాదానికీ సంబంధం లేదు; రెంటినీ కలిపి రాయడం తప్పు.

సమాఖ్య 2018లో మళ్లీ వచ్చింది. ఈసారి నిబంధన 400 మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పందేలకే, ఎక్స్‌వై క్రోమోజోములున్న కొన్ని స్థితులకే పరిమితం. హద్దు 5 నానోమోల్స్. ద్యుతీ పందేలు బయటపడ్డాయి, సెమెన్యావి చిక్కుకున్నాయి. 2019లో అదే మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పిచ్చింది: నిబంధన వివక్షతో కూడినదే, అయినా మహిళల పందేన్ని కాపాడడానికి అవసరం. సమాఖ్య శాస్త్రవేత్తలు ఆధారంగా చూపిన 2017 నాటి అధ్యయనానికి 2021లో వారే సవరణ వేశారు. కారణం, ఫలితం తేల్చే స్థాయిలో దాన్ని చదవకూడదని అందులో ఒప్పుకున్నారు. సెమెన్యా స్విస్ న్యాయస్థానంలో ఓడి, యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2025 జులై 10న అక్కడి విస్తృత ధర్మాసనం, స్విస్ న్యాయస్థానం ఆమె వాదనను తగినంత లోతుగా విచారించలేదని తేల్చింది. నిబంధన చెల్లదని మాత్రం చెప్పలేదు.

ట్రాన్స్‌జెండర్ మహిళల అర్హత వేరే ప్రశ్న. పైన చెప్పిన మహిళలంతా పుట్టినప్పటి నుంచి ఆడపిల్లలుగా పెరిగినవారు. ఇక్కడ విషయం, మగ యుక్తవయసు దాటాక మహిళగా మారినవారిది. 2015లో ఒలింపిక్ సంఘం శస్త్రచికిత్స షరతు తీసేసి, ఏడాది పాటు టెస్టోస్టెరాన్ 10 నానోమోల్స్ లోపు ఉంటే చాలంది. న్యూజిలాండ్ లిఫ్టర్ లారెల్ హబ్బర్డ్ టోక్యో ఒలింపిక్స్ బరిలో దిగింది గానీ ఒక్క ప్రయత్నమూ సఫలం కాలేదు. 2022లో లియా థామస్ అమెరికా విశ్వవిద్యాలయ ఈత పోటీల్లో 500 గజాల స్వర్ణం గెలవడంతో వాదన వేడెక్కింది. ఏడాది హార్మోను తగ్గించినా కండబలం సుమారు 5 శాతమే తగ్గుతుందని ఎమ్మా హిల్టన్, టామీ లుండ్‌బెర్గ్ 2021లో అప్పటి అధ్యయనాలన్నీ పరిశీలించి రాశారు. ఆ అధ్యయనాలు చాలావరకు క్రీడాకారులు కానివారి మీద జరిగినవని ఎదుటిపక్షం గుర్తుచేసింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఇప్పటికి ఉన్న ఆధారాలు హిల్టన్ వైపే మొగ్గుతున్నాయి. 2022లో ఈత సమాఖ్య, 2023లో అథ్లెటిక్స్ సమాఖ్య మగ యుక్తవయసు దాటినవారిని మహిళల విభాగం నుంచి తప్పించాయి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌పై రేగిన గొడవ మూలాలు మన ఢిల్లీలో ఉన్నాయి. 2023 మార్చిలో అక్కడ జరిగిన మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 50 కిలోల స్వర్ణం గెలిచిన ఆ పోటీల్లోనే, అల్జీరియాకు చెందిన ఇమాన్ ఖలీఫ్‌నూ తైవాన్‌కు చెందిన లిన్ యు-టింగ్‌నూ అర్హత లేదని తప్పించారు. తప్పించిన బాక్సింగ్ సంఘాన్నే కొన్ని నెలల్లో ఒలింపిక్ సంఘం వెలివేసింది. పారిస్‌లో పాస్‌పోర్టులో మహిళ అని ఉంటే చాలన్నారు. ఖలీఫ్‌తో బౌట్‌ను ఇటలీ బాక్సర్ 46 సెకన్లకే వదిలేయడంతో ప్రపంచం రెండుగా చీలిపోయింది. ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగిన ఖలీఫ్‌ను ట్రాన్స్‌జెండర్ అని లక్షలమంది రాశారు. అది అబద్ధం. దెబ్బలు తినే ఆటలో ఎదురుగా ఎవరున్నారో తెలుసుకునే హక్కు మిగతా మహిళా బాక్సర్లకు ఉందన్న మాట మాత్రం అబద్ధం కాదు. ఖలీఫ్, లిన్ ఇద్దరూ స్వర్ణాలతో తిరిగి వెళ్లారు. 2025లో కొత్త సంఘం వరల్డ్ బాక్సింగ్ జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ ప్రకటనలో ఖలీఫ్ పేరు వాడినందుకు తర్వాత క్షమాపణ చెప్పుకుంది.

2025 సెప్టెంబర్ 1 నుంచి వరల్డ్ అథ్లెటిక్స్ ప్రపంచ స్థాయి పోటీలకు వచ్చే ప్రతి మహిళకూ జీవితంలో ఒక్కసారి, వై క్రోమోజోముపై ఉండే ఎస్ఆర్‌వై జన్యువు కోసం పరీక్ష పెట్టింది. చెంప లోపలి నుంచి తీసిన నమూనా గానీ, రక్తం గానీ చాలు. 1990లో ఆ జన్యువును కనుగొన్నవారిలో ఒకరైన ఆండ్రూ సింక్లెయిర్ ఈ వాడకాన్ని తప్పుబట్టాడు. జన్యువు ఉందని చెప్పడం వేరు, అది పనిచేస్తోందని చెప్పడం వేరు అన్నది అతని వాదన. పాటీన్యో లాంటి స్థితి ఉన్నవారికి కొత్త నిబంధనల్లో మినహాయింపు ఉంది.  ఫ్రాన్స్‌లో ఇలాంటి జన్యు పరీక్షకు చట్టం ఒప్పుకోకపోవడంతో అక్కడి అమ్మాయిలు దేశం దాటి వెళ్లి చేయించుకోవాల్సి వచ్చింది.

భారత్‌లో 2014 సుప్రీంకోర్టు తీర్పు, 2019 చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును ఒప్పుకున్నా, అంతర్జాతీయ పందెంలో అర్హతను నిర్ణయించేది సమాఖ్యల నిబంధనలే. 2025 టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలకు ముందు పరీక్షలు చేయించే పనిని వరల్డ్ అథ్లెటిక్స్ ఆయా దేశాల సమాఖ్యలకే అప్పగించింది. నమూనా తీసేది, ఫలితం మొదట చేతికందేది ఇక స్వదేశంలోనే. ఆ కాగితాన్ని ఎంతమంది చూడవచ్చు, ఫలితం వేరుగా వచ్చిన పల్లెటూరి అమ్మాయికి తన భాషలో ఎవరు వివరించి చెప్పాలి, పద్దెనిమిది నిండని పిల్ల అయితే తల్లిదండ్రులను ఎప్పుడు పిలవాలి, పందెం మానుకున్నాక ఆమె ఉద్యోగం, స్కాలర్‌షిప్ ఏమవ్వాలి అన్నవి ముందే రాసిపెట్టుకోవాల్సిన విషయాలు. శాంతికి గానీ, తొలి రోజుల్లో ద్యుతీకి గానీ వీటిలో ఒక్కటీ దక్కలేదు.