బర్కుడా దీవి

బర్కుడా ఒడిశాలోని గంజాం జిల్లాలో, చిలికా సరస్సు దక్షిణ భాగాన ఉన్న చిన్న రాతి దీవి. రంభ రేవు నుంచి పడవలో సుమారు 5 కిలోమీటర్లు. పర్యాటకులకు ఇది హనీమూన్ ఐలాండ్‌గా తెలుసు. బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్లే రైలు రంభ దగ్గర సరస్సు అంచునే సాగుతుంది.

చుట్టుపక్కల ఘంటశిల, సొమోలో, బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ ఉన్నాయి. ఖల్లికోట కొండల వరుసకు ఎదురుగా నీళ్లలోంచి తేలిన ఈ రాళ్లు తూర్పు కనుమల తునకలే. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఖల్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలాలు ఇంకా కనిపిస్తాయి.

బర్కుడాకు శాస్త్రలోకంలో పేరు తెచ్చింది కాళ్లు లేని ఒక నలికిరి. చూపుకు చిన్న పాములా ఉండే ఈ బల్లిజాతి ప్రాణి వదులు మట్టిలో దూరి బతుకుతుంది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ తొలి డైరెక్టర్ నెల్సన్ అనండేల్ 1917లో ఈ ప్రాణిని వర్ణించి, దీవి పేరే ప్రజాతికి పెట్టి, బర్కుడియా ఇన్సులారిస్ అన్నాడు. అంతకుముందే ఆయన స్టాన్లీ కెంప్‌తో కలిసి చిలికా జీవజాలాన్ని శోధించాడు. తర్వాత 1921లో ఈ ఒక్క దీవి ప్రాణుల గురించే విడిగా ఒక అధ్యయనం ప్రచురించాడు. ఇంత చిన్న నేలకు అంత శ్రద్ధ దక్కడం అరుదు, న్యాయం కూడా. ఇదే ప్రజాతికి చెందిన బర్కుడియా మెలనోస్టిక్టా మన విశాఖపట్నం ప్రాంతంలో ఉంది.

నీటి సంగతి వేరే. చిలికాలో నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలుస్తాయి. వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు పరుచుకునే సరస్సు వేసవిలో 906కు తగ్గుతుంది. దక్షిణ భాగం మహానది పాయలకు దూరం కాబట్టి ఇక్కడ బురద తక్కువ. బర్కుడా చుట్టూ తేట నీటి అడుగున ఎర్ర, ఆకుపచ్చ నాచులు కనిపిస్తాయి. లోతు తక్కువ గనుక స్కూబా డైవింగ్‌కు ఇది చోటు కాదు.

సరస్సు 1981లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. సముద్ర ముఖం పూడి, ఉప్పదనం తగ్గి, చేపలు క్షీణించడంతో 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖం తెరిచాక మళ్లీ ఉప్పునీరు వచ్చింది, చేపల రాబడి పెరిగింది. 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఆ మేలు నీటికి జరిగింది. బర్కుడా నలికిరికి కావలసింది తవ్వకాలూ తొక్కిసలాటా లేని మట్టి, రాలిన ఆకులు. దాన్ని కాపాడాలంటే పడవ దిగేవారి రాకపోకలకు హద్దు ఉండాలి.