తారాజువ్వయు గ్రంథమును: దొడ్డబళ్ళాపురము మొదలు శ్రీహరికోట వఱకు

ఆకాశమును గూర్చిన రాజనీతిని విచారింపబూని దొడ్డబళ్ళాపురపు పాతకోటతో నారంభించుట కొందఱు చదువరులకు వింతగా తోపవచ్చును. అంతరిక్షవిధానము, అంతరిక్షభద్రత అను మాటలు వినినంతనే మన మనస్సు వాషింగ్టనుకో మాస్కోకో పరుగెత్తును. మిక్కిలి దగ్గఱకు వచ్చిన, బెంగుళూరిలోని ఇస్రో కార్యాలయమువద్ద ఆగును. కాని అగ్నిబాణములను ఒక ప్రత్యేక సేనాంగముగా తీర్చిన రాజవంశముయొక్క పూర్వకథకు ఈ యూరితో సంబంధము కలదు. ఆ సంబంధమును మనకు విపులముగా తెలుపునది శాసనము కాదు, స్థలపురాణమును కాదు; ఒక ఆంగ్లేయ సేనాధికారి వ్రాసిన గ్రంథము. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదియు ఇట్టిదే. ఆయుధమును చేసినవానికంటె దానిని గూర్చి కొలతలతో గ్రంథము వ్రాసినవానికే తరువాతి కాలమున ఆ యాయుధముపై అధికారము దక్కినది.

మార్కు విల్క్సు మైసూరు సంస్థానమున ఆంగ్లేయ రెసిడెంటుగా నుండినవాడు. 1810 మొదలు 1817 వఱకు మూడు సంపుటములుగా అతడు ప్రకటించిన దక్షిణ హిందూదేశ చరిత్రయందు హైదరాలీ బాల్యము వర్ణింపబడినది. హైదరు తండ్రి ఫతే మహమ్మదు శిరా సుబేదారుల పక్షమున పోరాడి మరణించెను. అంతకు పూర్వము ఆర్కాటు నవాబు కొలువున 50 మంది బాణసైనికులకు నాయకుడుగా నుండెనని చరిత్రకారులు చెప్పుదురు. అతని మరణానంతరము దొడ్డబళ్ళాపురపు జాగీరుదారగు అబ్బాసు కులీఖాను, తనకు సొమ్ము రావలసియున్నదను నెపమున ఆ కుటుంబమును పట్టి బాధించెను. షాబాజు, హైదరు అను పసిబాలురను నగారాలో దూర్చి, పైన వాయించి, సొమ్ము రాబట్టిరని విల్క్సు వ్రాసెను. 1761లో హైదరు సేనతో వచ్చి ఈ కోటను పట్టుకొనెను. అబ్బాసు కులీఖాను మద్రాసునకు పారిపోయెను.

మా పాఠశాలలో ఈ కథ చెప్పినప్పుడెల్ల పిల్లలు నగారా సంగతినే మరల మరల అడుగుదురు. అడుగక మానరు. కాని చరిత్రకు ముఖ్యమైనది ఆ 50 మంది బాణసైనికుల సంగతి. తండ్రి చేతిలో 50 మందిగా నుండిన ఆ దళము హైదరు కాలమున 1200 మంది యయ్యెను. మనకు సమీపముననే దేవనహళ్ళిలో జన్మించిన అతని కుమారుడు టిప్పు సుల్తాను కాలమున 5000 మంది యయ్యెనని లెక్కలు కలవు.

ఇచట బాణమనగా వింటినుండి విడుచు అమ్ము కాదు. నిప్పుతో నెగయు జువ్వకును దక్కనులో బాణమనియే పేరు. దీపావళినాడు మన పిల్లలు కాల్చు తారాజువ్వకు కాగితపు గొట్టము. మైసూరు బాణమునకు ఇనుప గొట్టము. భేదము చిన్నదిగా కనబడునుగాని సర్వమును అందే యున్నది. మందు మండునప్పుడు పుట్టు వాయువుల ఒత్తిడికి కాగితము త్వరలో పగులును, ఇనుము తాళును. కావున ఇనుప గొట్టమున మందును మిక్కిలి గట్టిగా కూరవచ్చును. ఒత్తిడి హెచ్చినకొలది వెనుకకు వెడలు వాయువుల వేగము హెచ్చును, జువ్వ దూరము పోవును. దిశ తప్పకుండుటకు పొడవైన వెదురుబద్దను గాని, కొన్నిట కత్తిని గాని కట్టెడివారు. అవి సుమారు ఒక కిలోమీటరును, కొన్ని అంతకు మించియు పోయెడివి. ఆనాటి ఐరోపాలో సేనలవద్ద ఇంతటి జువ్వలు లేవు.

వాని ఫలితమును ఆంగ్లేయులు రెండుమార్లు చవిచూచిరి. 1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురమునకు సమీపమున పొల్లిలూరువద్ద కర్నలు బెయిలీ సేన నాశనమయ్యెను. మందుగుండు బండ్లు ప్రేలిపోవుట అందుకొక ముఖ్యకారణము, ఆ ప్రేలుడు బాణములవలననే కలిగెనని పెక్కురు తలంచిరి. 1799 ఏప్రిలు 5వ తేదీ రాత్రి శ్రీరంగపట్టణమువద్ద సుల్తానుపేట తోపులో, తరువాత వెల్లింగ్టను ప్రభువుగా ప్రసిద్ధి గాంచిన ఆర్థరు వెల్లెస్లీ చీకటిలో బాణవర్షమునకు చిక్కి వెనుకకు మరలెను. ఒక నెల తిరుగకమునుపే, మే 4న, పట్టణము పడిపోయెను. విజేతలకు దొరికిన సామగ్రిలో 700 సిద్ధబాణములును, 9000 ఖాళీ గొట్టములును ఉండెనని చెప్పుదురు. వానిలో కొన్ని ఇంగ్లండునందలి వులిచ్ ఆయుధశాలకు చేరినవి.

బెంగుళూరిలో తారామండలపేట యను నొక పేట పేరు ఆ బాణముల పనినుండి వచ్చినదే. గ్రంథములు సుల్తానుల పేర్లు చెప్పును. ఆ పేటలో ఇనుమును సాగగొట్టిన కమ్మరుల పేర్లు చెప్పవు.

టిప్పు ఆస్థానమున గ్రంథము లేకపోలేదు. ఫత్‌హుల్ ముజాహిదీన్ అను పారసీక గ్రంథము అతని సైన్యమునకు నియమావళి. ఒక్కొక్క కుషూనునకు, అనగా దళమునకు, 200 మంది బాణసైనికులుండవలెనని దాని నిర్ణయము. కాని అది సేనను నడుపు విధమును చెప్పు గ్రంథము. వులిచ్‌లో విలియం కాంగ్రీవు చేసిన పని వేఱు. అతడు 19వ శతాబ్ది ఆరంభమున ప్రయోగములు చేసి, గొట్టపు పరిమాణము, మందు పాళ్ళు, బద్ద పొడవు, దూరము, వ్యయము అన్నిటిని లెక్కకు దెచ్చి, 1814లో బాణవ్యవస్థా వివరములను చిత్రపటములతో గ్రంథముగా వెలువరించెను. 1807లో కోపెన్‌హేగను నగరముపై అతని బాణములు కురిసినవి. 1814లో బాల్టిమోరు కోటపై వెలిగిన వాని యెఱ్ఱని కాంతి అమెరికా జాతీయగీతమున చేరినది. హిందూదేశమున యుద్ధబాణములు కలవని అతడే ఒప్పుకొనెను. అవి చిన్నవి, దూరము పోవనియు చేర్చెను. కాంగ్రీవును దొంగయని నిందించువారు కలరు. నేనా వాదమున చేరను. కొల్లసొమ్ములోని గొట్టము ఎవరికైనను దొరకును. దానిని కొలిచి వ్రాసిన శ్రద్ధ అతనిది.

ఈ క్రమమే 20వ శతాబ్దియందును కనబడును. 1903లో రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ, 1923లో ట్రాన్సిల్వేనియాకు చెందిన హెర్మన్ ఓబెర్తు వ్రాసిన రచనలు జువ్వను గ్రహయానమునకు సాధనముగా చేసినవి. వారిరువురును పాఠశాలలలో గణితము మొదలగునవి చెప్పుకొని బ్రదికినవారని వ్రాయుటలో, ఒక ఉపాధ్యాయ హృదయమునకు కొంత గర్వము కలుగుట క్షంతవ్యము. ఓబెర్తు గ్రంథమును చదివి పెరిగిన వెర్నర్ ఫాన్ బ్రౌను 1944లో లండనుపై పడిన వి-2 క్షిపణిని నిర్మించెను. గ్రహములకు దారి చూపిన పుస్తకమునుండియే నగరములపై అగ్ని కురిసినది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరిన తరువాత రాజ్యములు శాస్త్రమును తమ చేతిలోనికి తీసుకొన్న తీరును వాల్టరు మెక్‌డూగల్ 1985లో ఒక మహాగ్రంథమున చర్చించెను. మరుసటి సంవత్సరము దానికి పులిట్జరు బహుమానము లభించెను.

2002లో ఎవరెట్ డోల్‌మన్ ఆస్ట్రోపాలిటిక్ అను గ్రంథమున ఇంకొక అడుగు ముందుకు వేసెను. భూమికి సమీపముననున్న కక్ష్యలు ఎత్తైన దుర్గమువంటివి. వానిని వశపరచుకొన్న రాజ్యము క్రింది ప్రపంచమునంతను శాసింపగలదని అతని వాదసారము. దొడ్డబళ్ళాపురవాసికి ఈ వాదము క్రొత్తది కాదు. మన కన్నుల యెదుటనే మాకళిదుర్గము, దానికవ్వల నందిదుర్గము నిలిచియున్నవి. ఎత్తు బలమే, టిప్పు నందిదుర్గమును బలపరచెను. అయినను 1791 అక్టోబరులో మూడువారముల ముట్టడి పిమ్మట అది ఆంగ్లేయుల వశమయ్యెను. కొండపైకి నీరు, తిండి, మందుగుండు క్రిందినుండియే పోవలెను గదా! ఉపగ్రహములకును క్రింది కేంద్రములు, క్రింది పనివారు కావలెను. డోల్‌మన్ పండితుడే గాని, ఈ సంగతికి అతడు తగిన బరువు నీయలేదని నా యభిప్రాయము.

పైపెచ్చు ఆకాశదుర్గము పగిలిన రాళ్ళు క్రిందపడి ఊరకుండవు. 2007లో చైనా సుమారు 865 కిలోమీటర్ల యెత్తున తన ఉపగ్రహమును తానే కూల్చగా వేలకొలది శకలములు ఏర్పడి, పెక్కు సంవత్సరములు కక్ష్యలో తిరిగినవి. 2019 మార్చి 27న భారతదేశము ఇట్టి పరీక్షను సుమారు 300 కిలోమీటర్ల యెత్తుననే జరిపినది. అంత తక్కువ యెత్తున శకలములు గాలి ఒరిపిడికి త్వరలో నేలరాలునని ఉద్దేశము. 1967 నాటి అంతరిక్ష సంధి మహామారణాయుధములను కక్ష్యలో నుంచరాదని నిషేధించినదిగాని, నేలనుండి ఉపగ్రహమును కొట్టు బాణమును గూర్చి స్పష్టముగా నిషేధింపలేదు. ఈ వెలితి చిన్నది కాదు.

మన చరిత్ర మరల మనకు చేరినదియు గ్రంథముల ద్వారముననే. అబ్దుల్ కలాము 1963 ప్రాంతమున అమెరికాలోని వాలప్స్ కేంద్రమునకు శిక్షణకై పోయినప్పుడు, అచట గోడపై మైసూరు సైనికులు బాణములు ప్రయోగించు చిత్రమును చూచితినని 1999లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసెను. వాడ్రేవు చినవీరభద్రుడుగారు ఆ గ్రంథమును ‘ఒక విజేత ఆత్మకథ’గా తెనిగించిరి. తన దేశపు సంగతి పరాయి గోడపై చూడవలసివచ్చుటకంటె ఈ వ్యాసమునకు వేఱు సాక్ష్యమేల? 1985లో బెంగుళూరు జాతీయ వైమానికశాస్త్ర ప్రయోగశాలకు అధిపతిగా నుండిన రొద్దం నరసింహ, మైసూరు బాణములను, బ్రిటను బాణములను పోల్చి ఒక పరిశోధనవ్యాసము వ్రాసిరి. పెనుకొండ సీమలోని రొద్దము గ్రామమును తలపించు ఇంటిపేరు గల ఆయన అంతరిక్షసంఘమున సభ్యులుగను పనిచేసిరి. కమ్మరి కొలిమియు, రాజ్యవిధానమును ఒకే మేధస్సున కలిసిన అరుదైన సందర్భమది.

తెలుగునేలపై శ్రీహరికోటను 1969లో ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అచటినుండి ఎగిరినది. 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. తూర్పున సముద్రముండుటచే జువ్వను భూభ్రమణదిశలో విడువవచ్చును. అక్కడ నేలయే సెకనుకు సుమారు 450 మీటర్ల వేగమును ఉచితముగా నిచ్చును. దక్షిణమునకు పంపవలసినప్పుడు మాత్రము శ్రీలంకను తప్పించుటకై దారి మళ్ళించి ఇంధనము నష్టపోవలెను. అందుచేతనే తమిళనాట కులశేఖరపట్టణమున రెండవ కేంద్రమునకు 2024లో శంకుస్థాపన జరిగినది. విధానమనగా ఇట్టి లెక్కలే. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఆ దీవిలో తరతరములుగా బ్రదికిన యానాదులు తావు మారవలసివచ్చిన సంగతిమాత్రము విధానగ్రంథములలో వెదకవలసియుండును. తారామండలపేట కమ్మరులవలెనే వారును పుటల వెలుపల నిలిచిరి.

2023లో భారత అంతరిక్షవిధానము ప్రకటింపబడినది. ప్రైవేటు సంస్థలకు ద్వారము తెఱవబడినది. దాని గుణదోషముల చర్చను తెలుగున చదువదలచిన మా పై తరగతి విద్యార్థికి ఇచ్చుటకు మా పాఠశాల బీరువాలో నాకొక్క పుస్తకమును దొరకలేదు. కలాము స్వీయచరిత్ర తెలుగుప్రతి మాత్రము అట్టలు నలిగి యున్నది.

2018లో శివమొగ్గ జిల్లా హొసనగర తాలూకా బిదనూరున ఒక పాడుబావిని త్రవ్వగా వేయికి మించిన మైసూరు బాణపు గొట్టములు బయటపడినవి. పురావస్తుశాఖవారు వానిని కొలిచిరి. పొడవు 23 మొదలు 26 సెంటీమీటర్లు. ఆ కొలతను నల్లబల్లపై వ్రాసి, గొట్టపు బొమ్మను నోటుపుస్తకములలో సరియైన పరిమాణమున గీయుడని పిల్లలకు చెప్పితిని. ఒక మగ్గపుపనివాని కుమారుడు గీచి ముగించి, “అయ్యా, మందు పాళ్ళు ఎంత?” అని యడిగెను.